పచ్చ చీటీల మధ్యాహ్నం

పోయిన వారం సూదమ్మని డైరెక్టరుగారి గది తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, చంకలో పొడుగాటి నోటుపుస్తకం పెట్టుకుని ఆవిడ ఇంకా అక్కడే ఉంది. లోపలికి పంపేముందు, ఈ వారమే వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మొదట్నుంచీ చదువుతున్నవారు విసుక్కోకుండా ఒక్క నిమిషం ఓర్చుకోండి.

సూదమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ పరిశోధన కేంద్రంలో మనుషుల చేతుల్లోంచి రక్తం తీయడం ఆవిడ పని. నొప్పి తెలియకుండా గుచ్చుతుందని అందరూ ముద్దుగా అలా పిలవడం మొదలుపెట్టారు, అదే ఉండిపోయింది. వాళ్ళ నాన్న వేర్లాయన. కొండవాలున దొరికే ఒక వేరుని నలభై ఏళ్ళుగా తవ్వి, నీడన ఎండబెట్టి, దంచి, అడిగినవాళ్ళకి చిటికెడు చొప్పున ఇస్తూ వచ్చాడు. దిగులుకీ అదే, నిద్రపట్టకపోవడానికీ అదే. చదువుకున్నవాళ్ళు ఆయన్ని చూసి నవ్వేవారు. ఆ నవ్వులు వింటూ పెరిగిన పిల్ల సూదమ్మ.

కిందటేడు కేంద్రం డైరెక్టరుగారు ఆ వేరులోంచి చిక్కటి సారం తీయించి క్యాప్సూళ్ళలో నింపించారు. ఏ రోగమూ లేని తొంభైమంది పెద్దవాళ్ళని పిలిచారు. సగంమందికి వేరు సారం, సగంమందికి ఉత్త పిండి, చూడ్డానికి రెండూ ఒకటే. ఒక జట్టుకి పచ్చ చీటీలు, ఇంకో జట్టుకి తెల్ల చీటీలు. ఎవరి క్యాప్సూల్‌లో ఏముందో మింగేవాళ్ళకీ తెలియదు, రక్తం తీసే సూదమ్మకీ తెలియదు. అరవై రోజులు. మొదటిరోజు రక్తం, ఆఖరిరోజు రక్తం పక్కపక్కన పెట్టి చూస్తే, పచ్చ చీటీలవాళ్ళలో ఒత్తిడి హార్మోను మూడోవంతు తగ్గింది. తెల్ల చీటీలవాళ్ళలో ఎక్కడిదక్కడే ఉంది. రహస్యం విప్పి చూస్తే పచ్చ చీటీలవాళ్ళు మింగిందే వేరు సారం! వేర్లాయన మొహం అచ్చేసిన సీసాలు కూడా వచ్చేశాయి. రేపు పొద్దున పెద్ద హాల్లో, కెమెరాల ముందు ప్రకటన.

ఇంతలో మన సూదమ్మ తన నోటుపుస్తకం తిరగేసి ఏదో చూసింది. ఏం చూసిందో చెప్పేలోపే మనకిచ్చిన పేజీలు అయిపోయాయి. సరే, తలుపు తీద్దాం.

* * *

"రండమ్మా రండి, మీ కోసమే చూస్తున్నాం," అన్నారు డైరెక్టరుగారు.

గదిలో ముగ్గురున్నారు. బల్ల వెనక డైరెక్టరుగారు, బల్ల చివర కంప్యూటరు ముందు ముడుచుకుని, రక్తపరీక్షల అంకెలు కూడి చూసే లెక్కలాయన, గోడవారన సోఫాలో నాన్న. నాన్నని అక్కడ చూడగానే సూదమ్మ గడప దగ్గరే ఆగింది. ఆయన లేకుండా ఈ మాట చెప్పెయ్యాలని మూడు మెట్లవరసలు ఎక్కుతూ అనుకుంటూ వచ్చింది మరి.

నాన్న కొత్త చొక్కా వేసుకున్నాడు. రేపటి ఫోటో కోసం ఈ రోజే వేసుకుని అలవాటు చేసుకుంటున్నాడట. మెడ దగ్గర చొక్కా వదులుగా ఉంది. ఏసీ గది చల్లగా ఉన్నా నుదుటిమీద చెమట. చేతిలో టీ కప్పు సాసరు మీద గలగలమంటోంది. మనిషికి సంతోషం పట్టలేకుండా ఉందని సూదమ్మ అనుకుంది. నలభై ఏళ్ళ తరవాత ఇంత పెద్ద గదిలో, ఇంత మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి టీ ఇస్తే ఎవరి చెయ్యి మాత్రం వణకదు?

"అమ్మాయ్, ఇటు చూడు," అన్నాడాయన సీసా ఎత్తి చూపిస్తూ. "ముక్కు కాస్త పెద్దదిగా వేశారు గానీ, నేనే."

"ఉన్నదే వేశారు నాన్నా," అంది సూదమ్మ. నవ్వు వచ్చింది, నవ్వలేకపోయింది.

డైరెక్టరుగారు ఒక కాగితం ముందుకు జరిపారు. "చిన్న సంతకం అమ్మా. రక్తం తీసినవాళ్ళు పెట్టాల్సిన మామూలు కాగితమే. రేపటి ఫైల్లో ఇదొక్కటే తక్కువ."

సూదమ్మ చదివింది. అందులో ఒకే ఒక్క వాక్యముంది. నమూనాలన్నీ ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్యే సేకరించినట్టు ధ్రువీకరిస్తున్నాను.

"ఇది నిజం కాదు సార్," అంది.

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, డైరెక్టరుగారు కలం మూత తీసి ఇచ్చేవరకూ దాన్ని వినలేదు. విన్నాక కలం అక్కడే ఆగిపోయింది.

సూదమ్మ నోటుపుస్తకం బల్లమీద పెట్టింది. ఇక్కడ ఆ పుస్తకం గురించి ఒక మాట. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకి పని నేర్పిన పెద్ద నర్సు ఒకావిడ ఉండేది. గట్టి మనిషి. సూది గుచ్చగానే గోడ గడియారం చూసి ఆ నిమిషం రాసుకోకపోతే, తీసిన రక్తం మళ్ళీ తియ్యమనేది. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో తేదీకి గడి ఉంది, గంటకి లేదు. అయినా సూదమ్మ చెయ్యి మానలేదు. ఎవరు, ఏ చీటీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలు, అన్నీ పెన్సిలుతో రాస్తుంది. "ఎవరి పుట్టిన ఘడియలు రాస్తున్నావమ్మా" అని తోటివాళ్ళు ఏడిపించినా రాస్తూనే ఉంది.

"మొదటిరోజు రక్తం అందరిదీ పొద్దున్నే తీశాను," అంది పేజీ తిప్పి చూపిస్తూ. "ఏడూ పది, ఏడూ పదిహేను, ఏడూ ఇరవై, ఇలా. ఇక ఆఖరి వారం చూడండి. తెల్ల చీటీలు ఏడూ పది, ఏడూ పన్నెండు. పచ్చ చీటీలు ఒంటిగంటా అయిదు. ఒంటిగంటా పది. రెండూ నలభై. పచ్చ చీటీలన్నీ మధ్యాహ్నమే సార్. ఒక్కటి కూడా పొద్దున లేదు."

లెక్కలాయన తల ఎత్తాడు. డైరెక్టరుగారి మొహంలో రంగు మారింది. ఆయన హార్మోన్లమీదే ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆయనకి ఇంకొక్క మాట చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది నాన్నకి.

"ఏమైంది?" అన్నాడు వేర్లాయన. "పొద్దున తీస్తే ఒక రక్తం, మధ్యాహ్నం తీస్తే ఇంకో రక్తమా? ఒకే ఒళ్ళు కాదూ?"

సూదమ్మ సోఫా దగ్గరికి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"నాన్నా, ఈ ఒత్తిడి హార్మోను ఉంది చూశావూ, అది మనల్ని మంచంమీంచి లేపడానికి తెల్లారగట్లే పైకొస్తుంది. పొద్దెక్కేకొద్దీ దానంతటదే దిగిపోతుంది. నీకూ అంతే, నాకూ అంతే, ఈ సార్‌కీ అంతే. మందు మింగినా దిగుతుంది, మింగకపోయినా దిగుతుంది. మొదటిసారి పొద్దున కొలిచి, రెండోసారి మధ్యాహ్నం కొలిస్తే తగ్గకుండా ఎలా ఉంటుంది? మనం కొలిచింది నీ వేరుని కాదు. గడియారాన్ని."

వేర్లాయన కప్పు కింద పెట్టాడు. పెట్టేటప్పుడు కాస్త టీ ఒలికింది.

"అలా ఎందుకు చేశారు?" అన్నాడు.

"చేశారు కాదు. చేశాను."

ఈ ముక్క నోట్లోంచి వచ్చాక సూదమ్మకి ఒళ్ళు తేలికపడింది. వారంరోజులుగా గొంతులో అడ్డం పడి ఉన్నది ఇదే. ఆఖరి రక్తాలు తీయాల్సిన వారంలో, కింది అంతస్తులో జనం వేచి ఉండే హాల్లో పైకప్పు సున్నం పెచ్చులూడి పడింది. సగం హాలు తాళ్ళు కట్టి మూసేశారు. మిగిలింది ఇరవై రెండు కుర్చీలు. ఒకేసారి అంతమందిని నిలబెట్టి రక్తం తీస్తే ఎవరో ఒకరు కళ్ళు తిరిగి పడతారని ఆవిడ భయం. రెండు పూటలుగా పిలుద్దామనుకుంది. ఎవర్ని ఎప్పుడు? చేతిలో రంగు చీటీలున్నాయి కదా, తెల్లవాళ్ళు పొద్దున, పచ్చవాళ్ళు మధ్యాహ్నం. పిలవడానికి సులువు, గందరగోళం ఉండదు. పచ్చ చీటీ పంతులమ్మ, మధ్యాహ్నమైతే బడి పోతుందని గొణిగితే, బతిమాలి మరీ ఒప్పించింది. అందరూ సూదమ్మ తెలివికి మెచ్చుకున్నారు కూడా.

మంచి మనసుతో చేసిన తప్పు ఎంత దూరం పోతుందో చూశారా? ఆ రంగులకి బదులు ఇంటిపేర్లని బట్టి పిలిచి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. గొంతు మెత్తగా మారింది. మెత్తటి గొంతంటే సూదమ్మకి మొదట్నుంచీ అనుమానం.

"ఈ పుస్తకం కేంద్రం రికార్డు కాదు కదమ్మా."

"కాదు సార్. నా సొంతం."

"అంటే ఇందులో ఉన్నది మీకూ, ఇప్పుడు మాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇది బయటపడితే ఏమవుతుందో ఆలోచించారా? తప్పు ఎవరిది అంటారు? మీదే. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. మీ నాన్నగారిని రేపు ఆ వేదిక ఎక్కించలేం. అయిదేళ్ళుగా ఈ భవనంలోంచి ఒక్క మంచి వార్త బయటికి పోలేదు. ఇది పోతే ఈ భవనమే ఉండదు. ఒక్క సంతకం, అంతే. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఉత్త వేరే కదా."

"ఉత్త వేరా?" అన్నాడు వేర్లాయన చటుక్కున. ఎవరూ పట్టించుకోలేదు.

"పైకప్పు పడ్డరోజు నేను మీకు ఫోన్ చేశాను సార్," అంది సూదమ్మ.

"నాకు గుర్తులేదు."

"ఎలాగోలా సర్దండి, ప్రతిదానికీ నన్ను అడక్కండి అన్నారు. అది కూడా రాసి ఉంది. తొమ్మిదీ ఇరవై." పేజీమీంచి వేలు తీసింది. "అయినా అది మీమీదికి తొయ్యడానికి రాలేదు. రంగులు పట్టుకుని పిలిచింది నేను. తప్పు నాదే. నా తప్పుని మీరు దాచిపెట్టక్కర్లేదు, దాన్ని చెప్పుకునే నోరు నాకుంది."

డైరెక్టరుగారు లెక్కలాయన వైపు తిరిగారు. "మీరు చెప్పండి. పచ్చవాళ్ళకీ తెల్లవాళ్ళకీ అంత తేడా గడియారం వల్లే వస్తుందా? వేరు పని కొంతైనా ఉండదా? నమ్మకంగా కాదనగలరా?"

లెక్కలాయన ఎవరి మాటకీ ఎదురుచెప్పే రకం కాదు. ఏం కూర వండనని ఆయన పెళ్ళాం అడిగినా ఇంకా కాస్త ఆలోచించి చెబుతానంటాడని కేంద్రంలో జోకు. ఇప్పుడు కూడా గొంతు సవరించుకుని, "అంటే సార్, ఖచ్చితంగా..." అని మొదలుపెట్టాడు.

"డ్రైవరుగారిని చూపించండి," అంది సూదమ్మ.

"ఎవరక్కా?"

"బస్సు డ్రైవరు. తెల్ల చీటీ. ఆఖరిరోజు పొద్దున డ్యూటీ పడి, పరిగెత్తుకుంటూ పచ్చవాళ్ళతో పాటు వచ్చాడు. రెండూ పది." వేలితో వరస చూపించింది. "ఉత్త పిండి మింగిన మనిషి. మధ్యాహ్నం రక్తం ఇచ్చాడు. ఆయనకి ఎంతొచ్చింది?"

లెక్కలాయన మీటలు నొక్కాడు. తెరమీద తెల్ల చీటీల వరసలో ఒక్క అంకె చుట్టూ ఎర్రగీత గీసి ఉంది. ఆ గీత తనే గీశాడు. మిగతా తెల్లవాళ్ళతో కలవట్లేదని, ఏదో పొరపాటు అయ్యుంటుందని ఆ ఒక్కణ్ణీ లెక్కలోంచి తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు ఆ అంకెకేసి చూస్తూ ఉండిపోయాడు.

"దిగింది," అన్నాడు చివరికి. "మూడోవంతు కంటే ఎక్కువే."

"ఆయన ఒక్కడూ పద్ధతిలో లేడనుకున్నానక్కా," అన్నాడు లెక్కలాయన మెల్లగా. "ఆయన ఒక్కడే పద్ధతిలో ఉన్నాడు."

సూదమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి కలం అందుకుంది. డైరెక్టరుగారి మొహం విప్పారింది. అది మూడు క్షణాలు కూడా నిలవలేదు. ఆవిడ ఆ అచ్చు వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద తన గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆఖరి వారం పచ్చ చీటీలవారి రక్తం మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు నుంచి మూడు గంటల మధ్య తీశాను. అలా పిలిచింది నేనే. ఈ అంకెలని బట్టి వేరు పనిచేసిందని చెప్పకూడదు. రాసి, సంతకం పెట్టి, గోడ గడియారం చూసి, పక్కన పదీ నలభై రెండు అని వేసింది.

"ఇదిగోండి సార్. ఫైల్లో ఇదొక్కటే తక్కువన్నారుగా."

"మీకు పిచ్చా?" అన్నారు డైరెక్టరుగారు. మెత్తదనం ఎటు పోయిందో పోయింది. "కన్నతండ్రి నోటిదగ్గర కూడు లాగేస్తారా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. సూదమ్మ వెనక్కి తిరిగి నాన్నని చూడటానికి భయపడింది. సూదులకీ నెత్తురుకీ భయపడని మనిషి, ఆ నాలుగడుగుల దూరానికి భయపడింది.

"నీకు నా వేరంటే చిన్నప్పట్నుంచీ చులకనే," అన్నాడు నాన్న. "బళ్ళో పిల్లలు ఎక్కిరిస్తే నా సంచి పట్టుకుని నా పక్కన నడవడానికి సిగ్గుపడేదానివి. నాకు తెలీదనుకున్నావా?"

"సిగ్గుపడ్డాను," అంది సూదమ్మ. "పదేళ్ళ పిల్లని, పడ్డాను. ఇప్పుడు పడట్లేదు కాబట్టే ఈ పని చేస్తున్నాను. వాళ్ళు నవ్వింది నీ దగ్గర రుజువు లేదనే కదా. రేపు దొంగ రుజువు పట్టుకుని నువ్వు వేదికెక్కితే, ఎల్లుండి ఎవడో ఒకడు పట్టేసుకుంటాడు. అప్పుడు నవ్వరు నాన్నా. ఉమ్మేస్తారు."

"అయితే నా వేరు పనిచేయదంటావు."

"పనిచేయదనట్లేదు. మనకింకా తెలీదంటున్నాను. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది."

వేర్లాయన సీసామీది తన మొహాన్ని బొటనవేలితో తుడిచాడు. తరవాత లేచి, ఆ సీసా తీసుకెళ్ళి డైరెక్టరుగారి ముందు బోర్లా పడుకోబెట్టాడు.

"అయ్యా, నేను చదువుకోలేదు," అన్నాడు. "కానీ ఎవడైనా నా దగ్గరికొచ్చి తగ్గిందంటే, ఇంకేం తిన్నావు, ఎంతసేపు పడుకున్నావు అని అడిగి గానీ నా వేరుకి పేరు పెట్టలేదు. గడియారం చేసిన పనికి నా వేరుకి దండ వేస్తానంటే నాకొద్దు. మళ్ళీ పిలవండి తొంభైమందినీ. మళ్ళీ అరవై రోజులు వెయ్యండి. పొద్దున ఏడింటికే తియ్యండి. నిలబడితే నిలబడతాం, లేకపోతే నేనూ నా సంచీ ఇంటికిపోతాం. ఉత్త వేరట!"

నలభై ఏళ్ళుగా చదువుకున్నవాళ్ళ ముందు చేతులు కట్టుకున్న మనిషి, ఆ రోజు బల్లమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. సూదమ్మ కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే డైరెక్టరుగారికి కనిపిస్తుందని.

* * *

ఈ వారం కథ ఇక్కడ ఆపితే అందరం హాయిగా నిద్రపోవచ్చు. ఆపడానికి లేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే, అడగందే మాట్లాడని లెక్కలాయన తనంతట తనే మాట్లాడాడు.

"అక్కా, గడియారాన్ని బట్టి పెద్దగా మారని హార్మోను ఒకటి ఉంది. థైరాయిడ్. పొద్దున తీసినా మధ్యాహ్నం తీసినా దాని మోతాదు ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. భద్రత కోసమని అది కూడా కొలిచాం, మొదటిరోజూ ఆఖరిరోజూ."

"కొలిస్తే?"

"నేను చూడలేదు. ఎవరూ అడగలేదు. ప్రశ్న ఒత్తిడి హార్మోను గురించే కదా." ఆయన తెర ఆవిడ వైపు తిప్పాడు. "ఇప్పుడే చూశాను. మొదటిరోజు అందరూ మామూలు హద్దు లోపలే ఉన్నారు. ఆఖరిరోజు పచ్చవాళ్ళలో పదకొండుమంది ఆ హద్దు దాటి పైకి పోయారు. చాలా దాటారు. తెల్లవాళ్ళలో ఒక్కళ్ళూ లేరు."

"చూశారా!" అన్నాడు వేర్లాయన. "పనిచేస్తోందన్నమాట!"

సూదమ్మ నవ్వలేదు. ఆవిడ నాన్న చేతికేసి చూస్తోంది. బల్లమీద ఆనించిన చెయ్యి. కప్పు లేదు, సాసరు లేదు, అయినా వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. వదులైన మెడ పట్టీ. ఏసీ గదిలో చెమట. థైరాయిడ్ హద్దు మీరితే మనిషి సరిగ్గా ఇలాగే చిక్కిపోతాడు, చెమటలు పోస్తాడు, వణుకుతాడు. సంతోషం అనుకుంది. ఇరవై రెండేళ్ళు మనుషుల చేతులు పట్టుకుని బతికిన మనిషి, కన్నతండ్రి చెయ్యి చూసి సంతోషం అనుకుంది!

"నాన్నా, కూర్చో."

"నాకేం, దుక్కలా ఉన్నాను. ఈ మధ్య ఆకలి కూడా రెండింతలైంది."

"కూర్చోమన్నానా."

మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. మొదటిసారి తప్పు లెక్కపెట్టాననుకుని మళ్ళీ మొదలుపెట్టింది. నూట ఇరవై ఆరు. కూర్చున్న మనిషికి, ఏమీ చేయని మనిషికి, నూట ఇరవై ఆరు. నోటుపుస్తకంలో రాసింది. అలవాటు కొద్దీ నిమిషం కూడా వేసింది. పదీ యాభై ఒకటి.

"నాన్నా, నువ్వు చిటికెడు పొడే కదా వేసుకునేది, ఎప్పట్లాగే?"

"పొడి ఎందుకింకా? సారు సీసాలిచ్చారుగా. అది చిక్కటిదట, మంచిదట. రోజుకి రెండని రాశారు." ఆయన కాస్త సిగ్గుగా నవ్వాడు. "మన వేరే కదా అని నేను ఆరు వేసుకుంటున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సీసాలు వచ్చిన దగ్గర్నుంచీ. నెలన్నర. నాకొక్కడికేనా? పచ్చ చీటీలవాళ్ళందరికీ ఇచ్చారు, తలా మూడేసి. ఇంటికెళ్ళి వేసుకోండి, అలవాటైన ఒళ్ళు, మానకండి అని చెప్పి మరీ ఇచ్చారు. గొప్ప మనసులే."

సూదమ్మ డైరెక్టరుగారి వైపు చూసింది. ఆయన బోర్లా పడుకున్న సీసాకేసి చూస్తున్నారు.

"నలభై అయిదుమందికీ?" అంది.

"కృతజ్ఞతగా ఇచ్చాం," అన్నారాయన. "ఆరోగ్యవంతులే కదా అందరూ."

"ఆరోగ్యవంతులే సార్. మన దగ్గరికి వచ్చేటప్పుడు." ఆవిడ బల్లమీది ఫోన్ తన వైపు లాక్కుంది. "లెక్కలాయనా, ఆ పదకొండుమందిలో అందరికంటే పైనున్నదెవరు?"

"పంతులమ్మ. మొదటి వరసలోనే ఉంది."

"ఆ ఫోన్ పెట్టెయ్యండి," అన్నారు డైరెక్టరుగారు లేచి. "నా అనుమతి లేకుండా ఈ గదిలోంచి ఎవరికీ ఫోన్ వెళ్ళడానికి వీల్లేదు. ఇంకో మాట మాట్లాడితే మీరు ఈ క్షణం నుంచి ఇక్కడ ఉద్యోగి కాదు."

"మంచిది. ఉద్యోగి కాని మనిషికి మీ అనుమతి కూడా అక్కర్లేదు," అంది సూదమ్మ, నోటుపుస్తకం చివరి పేజీలో ఉన్న నంబరు నొక్కుతూ.

ఆయన చెయ్యి చాపారు. వేర్లాయన మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. నూట ఇరవై ఆరు కొట్టుకుంటున్న గుండెతోనే, అడుగు కదపకుండా నిలబడ్డాడు.

అవతల నాలుగుసార్లు మోగింది. అయిదోసారి ఎవరో ఎత్తారు. పంతులమ్మ గొంతు కాదు. వెనక రోడ్డుమీది హారన్ల మోత, ఎవరో గట్టిగా అరుస్తున్న కేకలు.

"పంతులమ్మగారున్నారా అండీ?"

"నేను వాళ్ళమ్మాయిని. అమ్మ మాట్లాడే స్థితిలో లేదండీ. గుండె పట్టుకుని పడిపోయింది, ఒళ్ళంతా వణుకుతోంది. మీరెవరు?"

సూదమ్మ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. "ఆఖరిరోజు అమ్మ దగ్గర రక్తం తీసినదాన్ని. ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారో చెప్పండమ్మా, డాక్టరుతో నేను మాట్లాడతాను. ఆ సీసా కూడా వాళ్ళకి చూపించాలి."

"ఆసుపత్రికి కాదండీ, పడిపోతూ అమ్మ మీ దగ్గరికే తీసుకెళ్ళమంది. సూదమ్మని అడిగితే ఏమైందో చెబుతుందంది. మీ గేటు దగ్గరే ఉన్నాం. రేపటి ప్రకటన అయ్యేదాకా ఎవర్నీ లోపలికి వదలొద్దని పొద్దున్నే పైనుంచి చెప్పారట, కాపలాయన గేటు తియ్యట్లేదు."

సూదమ్మ ఫోన్ కింద పెట్టింది. డైరెక్టరుగారు ఆవిడ కళ్ళలోకి చూడలేదు. గేటు తియ్యొద్దన్న మాట ఏ పైనుంచి వెళ్ళిందో ఆవిడకి అర్థమైపోయింది. నోటుపుస్తకం చంకలో పెట్టుకుని, నాన్న చెయ్యి పట్టుకుని, మూడు మెట్లవరసలూ దిగడం మొదలుపెట్టింది. గేటు తాళంచెవి కాపలాయన దగ్గరే ఉంటుందని ఆవిడకి తెలుసు.